ఆఫీసు హాకీ పూల్‌లో చేరొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. టొరంటో వచ్చి మూడు నెలలైంది. ఆఫీసులో హాకీ పూల్‌కి, అంటే ఎన్‌హెచ్‌ఎల్ అనే ఐస్ హాకీ లీగ్ మీద ఆడే ఫాంటసీ ఆటకి, పేరు ఇమ్మంటున్నారు. ఫాంటసీ క్రికెట్ ఆడాను కానీ హాకీ ఎప్పుడూ చూడలేదు. వచ్చే వారమే డ్రాఫ్ట్, అంటే వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడం. చేరమంటారా?

జవాబు:
తప్పకుండా చేరండి. ఇక్కడ చలికాలమంతా ఆఫీసులో ఈ కబుర్లే. నేను ఏడేళ్లుగా ఆడుతున్నాను. మొదటి ఏడాది నన్ను దెబ్బతీసింది ఆట తెలియకపోవడం కాదు, పూల్ రూల్స్ చదవకపోవడం. మా పూల్‌లో గోల్స్, అసిస్ట్‌లతో (గోల్‌కి దారితీసిన పాస్‌లు) పాటు హిట్స్ (ఎదుటివాణ్ని ఒంటితో ఢీకొట్టడం), బ్లాక్స్ (ఎదుటివాళ్ల షాట్‌కి అడ్డుపడటం) కూడా లెక్కే. నేనేమో గోల్స్ కొట్టేవాళ్లనే ఏరుకున్నాను, ప్రతి వారం ఆ రెండు విభాగాలూ పోయేవి. కాబట్టి ఆటగాళ్ల పేర్లు తర్వాత, ముందు స్కోరింగ్ పేజీ చదవండి.

ఫాంటసీ క్రికెట్‌లో ఒకే ఆటగాణ్ని అందరూ తీసుకోవచ్చు, మ్యాచ్ మ్యాచ్‌కీ కొత్త టీమ్. ఇక్కడ డ్రాఫ్ట్‌లో ఒకరు తీసుకున్న ఆటగాడు మామూలుగా ఇంకెవరికీ దొరకడు. ఆ టీమ్‌తోనే, మధ్యలో చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా నెట్టుకురావాలి.

పవర్ ప్లే గురించి బాగా తెలుసుకోండి. క్రికెట్‌లోది కాదు. ఎదుటి ఆటగాడు తప్పు చేస్తే రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చుంటాడు, అప్పుడు మనవాళ్లు ఐదుగురు, వాళ్లు నలుగురు. పాయింట్లు పండేది అక్కడే. ఎడ్మంటన్ స్టార్ కానర్ మెక్‌డేవిడ్ 2022-23లో 153 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) చేస్తే, అందులో 71 పవర్ ప్లేలోవే. ప్రతి టీమ్‌కీ రెండు పవర్ ప్లే యూనిట్లు (ఐదుగురేసి ఆటగాళ్ల బృందాలు) ఉంటాయి, ఎక్కువ సమయం మొదటి దానికే ఇస్తారు. ఇద్దరు ఆటగాళ్లు సమానంగా కనిపిస్తే మొదటి యూనిట్‌లో ఆడేవాణ్నే తీసుకోండి. డిఫెన్స్ వాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మొదటి యూనిట్‌లో సాధారణంగా ఒక్క డిఫెన్స్ ఆటగాడికే చోటు.

పోయిన ఏడాది అంకెల్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. టొరంటో తరఫున ఆస్టన్ మాథ్యూస్ 2023-24లో 69 గోల్స్ కొట్టాడు. ఆ మరుసటి సీజన్‌లో గాయాల మధ్య 33తో ఆగాడు. గోల్స్ తగ్గినా షాట్లు తగ్గకపోతే కంగారు పడక్కర్లేదు, మళ్లీ పడతాయి. షాట్లే తగ్గాయంటే ఆలోచించాలి.

గోలీలతోనే (గోల్‌కీపర్లు) అసలు టెన్షన్. వరుసగా రెండు రోజులు మ్యాచ్‌లుంటే సాధారణంగా ఒకదానికి బ్యాకప్ గోలీని దింపుతారు. సీజన్‌లో 60 మ్యాచ్‌లు ఆడేవాళ్లు చాలా కొద్దిమంది. విన్నిపెగ్ గోలీ కానర్ హెలెబక్ 2024-25లో 47 మ్యాచ్‌లు గెలిచాడు, అలాంటివాడు దొరికితే అదృష్టమే. నేనైతే మొదటి రెండు రౌండ్లలో గోలీ జోలికి పోను, కానీ ఆరేడు రౌండ్లు దాటేలోపు ఒక నమ్మకమైనవాణ్ని పట్టేస్తాను. మీ గోలీ ఆ రోజు ఆడుతున్నాడో లేదో పొద్దుటి ప్రాక్టీసు అయ్యాక సాధారణంగా తెలిసిపోతుంది.

ఇంకొక జవాబు:
పైన అన్నవన్నీ నిజమే. నేను షెడ్యూల్ గురించి చెబుతాను, చాలామంది దాన్ని పట్టించుకోరు. మ్యాచ్‌లు ఎక్కువగా మంగళ, గురు, శనివారాల్లో ఉంటాయి. ఆ రోజుల్లో మీ టీమ్ నిండిపోయి మంచివాళ్లు కూడా బెంచీ మీదే ఉండిపోతారు. వేవర్స్ (పూల్‌లో ఎవరి టీమ్‌లోనూ లేని ఆటగాళ్లు) నుంచి కొత్తవాణ్ని తీసుకునేటప్పుడు సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో మ్యాచ్‌లున్నవాణ్ని చూడండి. పేరున్న ఆటగాడికంటే వాడే ఎక్కువ పనికొస్తాడు. శనివారం కొన్ని మ్యాచ్‌లు మధ్యాహ్నమే మొదలవుతాయి, లైనప్ పొద్దున్నే పెట్టేయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. కానీ డ్రాఫ్ట్‌లో నా వంతు వచ్చేసరికి ఒక్క పేరూ గుర్తు రాదేమోనని భయం.

జవాబు:
గుర్తు పెట్టుకోనక్కర్లేదు. యాప్‌లో ముందే వరుస జాబితా పెట్టుకునే వీలుంటుంది. మీ పూల్ స్కోరింగ్‌కి సరిపోయేలా ఒక నలభై పేర్లు అందులో పెట్టుకోండి. గాయంతో ఉన్నవాళ్ల పక్కన గుర్తు ఉంటుంది, అది చూసి తీసేయండి. ఈ లోపు ఒకటి రెండు మాక్ డ్రాఫ్ట్‌లు (సాధన కోసం ఉత్తుత్తి డ్రాఫ్ట్‌లు) ఆడితే, మీ వంతులో నడిచే గడియారం భయం పోతుంది. జాబితా తయారయ్యాక ఇక్కడ పెట్టండి, రాత్రి కూర్చుని చూస్తాను.