ఒంటిగంటా, ఒక గంటా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ముళ్ళ గడియారం చూడడం నేర్పుతున్నాను. పదకొండు, పన్నెండు అయ్యాక "ఒంటిగంట" అన్నాను. "ఒంటి అంటే ఒళ్ళు కదా నాన్నా, గంటకు ఒళ్ళేమిటి? ఒక గంట అనాలి" అంది. ఫోనులో వేళ చదివి వినిపించే గొంతు కూడా "ఒకటి గంట" అనే అంటోంది. నేను పుట్టినప్పటినుంచీ ఒంటిగంట అనే అంటున్నాను, ఎందుకో మాత్రం చెప్పలేకపోయాను. ఒక గంట అని రాస్తే తప్పా? పెద్దలు చెప్పగలరు.

స్పందన 1

తప్పేమీ కాదండీ. వినేవారికి అర్థమైతే చాలు. రెండు గంటలు, మూడు గంటలు అంటున్నప్పుడు ఒకటి దగ్గర మాత్రం వేరే మాట ఎందుకు? పిల్లలకు అన్నీ ఒకే తీరుగా ఉంటేనే తేలిక.

స్పందన 2

అర్థమవుతుందన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం, మిత్రమా. "ఒక గంట నిద్రపోయాను" అంటే అరవై నిమిషాలు. "ఒంటిగంటకు నిద్రపోయాను" అంటే నడిరాత్రి దాటేదాకా మేలుకుని ఉన్నానని. ఒకటి కాలం పొడవు, మరొకటి వేళ. అర కలిసినా ఈ తేడా చెడదు. "గంటన్నర పట్టింది" అంటాం, "ఒకటిన్నరకు బయల్దేరాం" అంటాం. "గంటంపావు" ప్రయాణం, "ఒకటింపావు" బస్సు. వీటిని తారుమారు చేసి మాట్లాడే తెలుగువాళ్ళు కనబడరు, ఈ నియమం ఎవరూ బడిలో నేర్చుకోలేదు కూడా. ఇంత పనిచేసే మాటను ఒక యంత్రపు గొంతు పలకలేకపోతోందని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పాప అడిగిన సంగతి. ఒళ్ళు అనే మాట "ఒంటి నొప్పులు", "ఒంటికి నూనె" అన్నప్పుడు ఒంటిగా మారుతుంది, నిజమే. కానీ గంటకు ముందున్న ఒంటి వేరు. ఇది ఒంటరిలో, ఒంటికాలిలో, ఒంటెద్దు బండిలో, ఒంటిస్తంభపు మేడలో ఉన్న ఒంటి. జత లేనిది, ఒక్కటే అయినది అని అర్థం. వేసవిలో ఒంటిపూట బడులు పెట్టినప్పుడు పాపకు గుర్తుచేయండి, ఇట్టే తెలుస్తుంది.

ఇక గంట. గంట మొదట మోగేది, ఆ తరవాతే కాలం. గుడిలో వేలాడేదీ, ఎద్దు మెడలో కట్టేదీ, బడిలో కొట్టేదీ గంటే. ఆ మోతను లెక్కపెట్టి వేళ తెలుసుకున్నారు కాబట్టి అరవై నిమిషాలకు ఆ పేరు వచ్చింది. పన్నెండు దెబ్బలు కొట్టాక మళ్ళీ మొదలయ్యే లెక్కలో ఒకే ఒక్క దెబ్బ, జత లేని దెబ్బ, ఒంటి గంట. ఆ మాటలో ఉన్నది అంకె కాదు, చప్పుడు. ఇప్పటికీ "పన్నెండు కొట్టింది" అంటాం, పన్నెండు చూపించింది అనం. ఇరుగుపొరుగు భాషలూ ఇలాగే విన్నాయి. తమిళుల "మణి", కన్నడిగుల "గంటె" మోగే గంటకూ పేరే, వేళకూ పేరే. హిందీలో "కిత్నే బజే" అంటే ఎన్ని మోగాయని. విజయనగరంలో 1885లో కట్టిన గడియారపు స్తంభాన్ని ఊరివాళ్ళు ఈనాటికీ గంటస్తంభం అనే పిలుస్తారు. వాళ్ళ పూర్వీకులకు అది ముందు చెవినపడింది, తరవాతే కంటబడింది.

గడియారం మాత్రం గంట నుంచి రాలేదు, నీళ్ళలోంచి వచ్చింది. ఘటం అంటే కుండ, ఘటిక చిన్న కుండ, అదే మన నోట గడియ అయింది. అడుగున సన్నటి రంధ్రం చేసిన రాగి గిన్నెను నీళ్ళ మీద వదిలితే నెమ్మదిగా నిండి మునిగిపోతుంది. ఒక పగలూ రాత్రీ కలిపి సరిగ్గా 60 సార్లు మునిగేలా ఆ రంధ్రాన్ని దిద్దాలి. సూర్యసిద్ధాంతం దీన్ని కపాలయంత్రం అంటుంది. పాత తెలుగులో గడియకుడుక. కుడుక అంటే ఎండుకొబ్బరి చిప్ప కదా, ఆ గిన్నె ఆకారం ఆ మాటలోనే కనబడుతోంది. ఒక మునక ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రెండున్నర గడియలైతే ఒక గంట, రెండు గడియలైతే ఒక ముహూర్తం, ఏడున్నర గడియలైతే ఒక జాము. "గడియ తీరిక లేదు, గవ్వ రాబడి లేదు" అన్న సామెతలోది ఈ గడియే. చేతికి కట్టుకున్న బ్యాటరీ యంత్రాన్ని కూడా మనం ఆ మునిగే గిన్నె పేరుతోనే పిలుస్తున్నామని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

గిన్నెనూ గంటనూ ఒకచోట చూడాలంటే బాబరు రాసుకున్న జ్ఞాపకాల్లో చూడవచ్చు. హిందుస్థానపు ఊళ్ళలో ఈ పనికే మనుషులు ఉండేవారు, వాళ్ళను ఘడియాలీలు అనేవారు. గిన్నె మునిగినప్పుడల్లా ఎత్తున వేలాడదీసిన మందపాటి లోహపు పళ్ళెం మీద సుత్తితో కొట్టేవారు. మొదటి మునకకు ఒక దెబ్బ, రెండోదానికి రెండు. జాము నిండగానే గబగబా చాలా దెబ్బలు కొట్టి, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. బాబరుకు ఇందులో ఒక చిక్కు కనబడింది. రాత్రి మెలకువ వచ్చినవాడికి మూడు దెబ్బలు వినబడితే అవి రెండో జాములోవా, మూడో జాములోవా? అందుకని రాత్రివేళా, మబ్బు పట్టిన రోజునా గడియల దెబ్బలయ్యాక కాస్త ఆగి, ఎన్నో జామో కూడా కొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ చిక్కు నాకు చిన్నప్పుడే తెలుసు. మా తాతగారింటి వసారాలో గోడ గడియారం ఉండేది. టేకు పెట్టె, అద్దం తలుపు, లోపల ఇత్తడి లోలకం. అంకెల పలక మీద రెండు రంధ్రాలు. కుడివైపు రంధ్రంలో కీ తిప్పితే ముళ్ళు నడుస్తాయి, ఎడమవైపు తిప్పితే గంటలు కొడుతుంది. ఆదివారం ఉదయం తాతగారు స్టూలెక్కి రెండింటికీ కీ ఇచ్చేవారు. ఊరు వెళ్ళి ఒక వారం ఇవ్వలేకపోతే గంటలు ముందు ఆగిపోయేవి. మళ్ళీ కీ ఇచ్చాక ముల్లు నాలుగు మీద ఉంటే గంటలు రెండే కొట్టేది. ఆ రకం గడియారాల్లో దెబ్బల లెక్క వేరే చక్రానిది, ముళ్ళకూ దానికీ పొత్తు లేదు. తాతగారు లోపలి తీగను వేలితో పైకెత్తి, లెక్క ముళ్ళతో కలిసేదాకా వరసగా కొట్టించేవారు. ఆ పూట మా వీధి వీధంతా ఎన్ని గంటలయిందోనని తికమకపడేది.

అది అరగంటకు కూడా ఒక దెబ్బ కొట్టేది. దాంతో పన్నెండున్నరకు ఒకటి, ఒంటిగంటకు ఒకటి, ఒకటిన్నరకు మరొకటి. మా నాయనమ్మకు ఉబ్బసం, రాత్రి సగం మంచం మీద కూర్చునే గడిపేది. దగ్గు తెర తగ్గి ఒంటి దెబ్బ వినబడగానే పక్కన పడుకున్న నన్ను తట్టి "ఇది ఏ ఒకటిరా?" అని అడిగేది. నాకు తెలిసేది కాదు. ఇద్దరం చీకట్లో తరవాతి దెబ్బ కోసం కాచుకునేవాళ్ళం. అరగంటకు మళ్ళీ ఒకటే పడితే ఇంకా చాలా రాత్రి ఉందని ఆమెకు దిగులు. రెండు పడితే "అమ్మయ్య, రెండయింది, కోడి కూస్తుంది ఇంక" అని వెనక్కి వాలేది. అందుకే ఒంటిగంట నాకు నిఘంటువులో మాట కాదు. దాన్ని ఒక గంట చేస్తామంటే ఊరుకోలేను.

స్పందన 3

మీ నాయనమ్మగారి మాట చదివి కళ్ళు చెమర్చాయి అన్నయ్యా. మా నాన్నగారు 40 ఏళ్ళు వాచీలు బాగుచేశారు. నాదీ ఒక సందేహం. వాచీ పెట్టుకోవడమా, కట్టుకోవడమా? మా నాన్నగారు దుకాణానికి వచ్చినవాళ్ళతో తోలు పట్టీ అయితే "కట్టుకోండి" అనేవారు, సాగే స్టీలు చైను అయితే "తొడుక్కోండి" అనేవారు. మా అమ్మ దేనికైనా "పెట్టుకో" అనే అంటుంది. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి కూడా నెమ్మదిగా వదులుతూ పనిచేసేవారు నాన్న, బల్ల మీది చిన్న చక్రాలు ఎగిరిపోతాయని. బాగుచేసిన వాచీని మొదట తన చెవి దగ్గర పెట్టుకుని వినేవారు, తరవాత నా చెవి దగ్గర పెట్టి "నడుస్తోందా?" అని అడిగేవారు. బెంగుళూరులో 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్.ఎం.టి. చేతి గడియారాల తయారీ మొదలైంది కదా, మా దుకాణానికి వచ్చేవాటిలో ఎక్కువ ఆ కీ ఇచ్చే వాచీలే. పెళ్ళిలో అత్తవారు పెట్టినవి చాలా ఉండేవి. అవి తెచ్చినవాళ్ళు "జాగ్రత్తండీ, మా మామగారు పెట్టింది" అని తప్పకుండా చెప్పేవారు. అక్కడ కూడా "పెట్టింది" అనే మాటే.

స్పందన 2

అమ్మా, మీ నాన్నగారి పట్టింపే మన భాష పట్టింపు. ఇంగ్లీషుకు ఒక్క మాట సరిపోయేచోట తెలుగు ఆ వస్తువు ఒంటికి ఎలా అంటుకుంటుందో చూస్తుంది. చీర, పంచె, కంకణం చుట్టి ముడివేసేవి, కట్టుకుంటాం. గాజులూ చొక్కా లోపలికి దూర్చేవి, తొడుక్కుంటాం. బొట్టు, ఉంగరం, కళ్ళజోడు, పూలు పెట్టుకుంటాం. వాచీ మన ఊళ్ళకు వచ్చినప్పుడు దానికంటూ క్రియ లేదు. పట్టీని చూసినవారు కంకణంతో కలిపి కట్టుకున్నారు, నగగా చూసినవారు పెట్టుకున్నారు. రెండూ సరైనవే. నేనైతే కట్టుకుంటాను, బకిల్ పెట్టే పట్టీ కాబట్టి. "నడుస్తోందా" అన్న మాట కూడా బాగుంది. గడియారం మనకు నడుస్తుంది, ముందు నడుస్తుంది, వెనక నడుస్తుంది, నిలిచిపోతుంది. ఎద్దుబండికి వాడిన మాటలే వాడుకున్నాం.

స్పందన 4

పంచాంగం వైపు నుంచి ఒక చిన్న మాట. గడియలను సూర్యోదయం నుంచి లెక్కిస్తాం, గంటలను అర్ధరాత్రి నుంచి. మా గురువుగారి కాలపు పంచాంగాల్లో తిథి పక్కన గడియలు, విగడియలే ఉండేవి. విగడియ అంటే గడియలో 60వ వంతు, 24 సెకన్లు. ఇప్పుడు గంటలు, నిమిషాలు అచ్చువేస్తున్నారు. అయినా అంకెకు ముందు "తె." అని వేయక తప్పదు, తెల్లవారుజాము అని. జాములు చూపే గడియారమంటూ ఎవరింట్లోనూ లేకపోయినా, తెల్లవారుజాము లేకుండా ఎవరికీ తెల్లవారదు. వర్జ్యం చూసుకునే ఇళ్ళలో గడియ లెక్క కూడా బతికే ఉంది. వర్జ్యం సుమారు 4 గడియలు, అంటే గంటా 36 నిమిషాలు.

స్పందన 1

నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. పొడవూ వేళా అన్న తేడా నాకు తట్టలేదు. ఇక ఆచరణలో ఒక ప్రశ్న. పన్నెండూ నలభై అయిదు నిమిషాలను పిల్లలకు ఎలా చెప్పాలి? ఒంటిగంట దాటి అయిదు నిమిషాలయితే?

స్పందన 2

మొదటిది పావు తక్కువ ఒంటిగంట. పన్నెండూ ముప్పావు అనేవారూ ఉన్నారు, అదీ మంచి తెలుగే. రెండోది ఒంటిగంటా అయిదు నిమిషాలు, తొందరలో ఒకటీ అయిదు. పిల్లలకు మొదట పావు, అర, ముప్పావు నేర్పండి. గడియారం పలకను సజ్జరొట్టెలా నాలుగు ముక్కలు చేసి చూపిస్తే ఒక్క పూటలో వస్తుంది. నిమిషాల లెక్క ఆ తరవాత.

ప్రశ్న అడిగిన తమ్ముడికి ఇంకొక్కటి. దగ్గరలో ఎవరింట్లోనైనా కొట్టే గడియారం ఉంటే, పాపను మధ్యాహ్నం భోజనం వేళకు అక్కడికి తీసుకువెళ్ళండి. పన్నెండు దెబ్బలూ వేళ్ళ మీద లెక్కపెట్టనివ్వండి. తరవాత అక్కడే కూర్చుని, మళ్ళీ మోగేదాకా ఆగండి.