5.56 వదిలి 7.62కి మారడం మన సైన్యానికి మంచిదేనా?

ఎన్‌సీసీ_కడప:
మన సైన్యం పాత రైఫిల్ ఇన్సాస్ స్థానంలో కొత్త రైఫిళ్లు వస్తున్నాయి కదా, దాని మీద ఇక్కడ ఒక చర్చ కావాలి. 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డర్ ఇచ్చారు. 2021 డిసెంబరులో ఆరు లక్షలకు పైగా ఏకే 203లకు ఒప్పందం కుదిరింది, అవి అమేఠీ దగ్గర కోర్వాలో తయారవుతున్నాయి. ఇన్సాస్‌ది 5.56 తూటా, ఇవి రెండూ 7.62 వాడేవే (ఈ అంకె క్యాలిబర్, అంటే సుమారుగా బుల్లెట్ మందం, మిల్లీమీటర్లలో). నా లెక్కలో ఇది ఎప్పుడో చేయాల్సిన పని. 5.56 చంపడానికి కాదు, గాయపరచడానికే పుట్టింది. ఒకడికి తగిలితే మోయడానికి ఇంకో ఇద్దరు పోతారన్న ఆలోచన అది. ప్రాణాలకు తెగించి వచ్చే ఉగ్రవాదిని మోయడానికి ఎవరూ రారు. వాడు ఒక్క దెబ్బకు పడిపోవాలి.

లెక్కల_మాస్టారు:
తమ్ముడూ, 7.62 అని ఒకే తూటా లేదు. సిగ్ 716ది 7.62×51, ఏకే 203ది 7.62×39. చివరి అంకె ఖోకా (మందు ఉండే లోహపు గొట్టం) పొడవు, మిల్లీమీటర్లలో. మన స్నైపర్ రైఫిల్ డ్రాగునోవ్‌లో పడే 7.62×54ఆర్ మూడోది. ఒకదాని రౌండ్ (ఖోకా, మందు, బుల్లెట్ కలిసిన పూర్తి తూటా) ఇంకోదాని ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, సరిగ్గా అమరదు.

బలంలోనూ పోలిక లేదు. 7.62×51 బుల్లెట్ సుమారు 9.5 గ్రాములు, సెకనుకు 840 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. అంటే 3,300 జౌళ్ల శక్తి. ఏకే బుల్లెట్ 8 గ్రాములు, వేగం 715, శక్తి 2,000 జౌళ్లు. 5.56ది 4 గ్రాములే అయినా వేగం 920 దాటుతుంది కాబట్టి 1,700 జౌళ్లు వస్తాయి. ఏకేకీ 5.56కీ మధ్య తేడా జనం అనుకునేంత పెద్దది కాదు. పైగా 5.56 దాదాపు గీత గీసినట్టు పోతుంది, ఏకే బుల్లెట్ 300 మీటర్లు దాటాక బాగా కిందికి జారిపోతుంది.

ఇక గాయపరచడానికే పుట్టిందన్న మాట. చాలా చోట్ల విన్నాను, ఆధారం మాత్రం ఎక్కడా కనబడలేదు. అమెరికాలో 1952లో హిచ్‌మన్ ఇచ్చిన నివేదిక, కాల్పుల్లో ఎక్కువ భాగం 300 గజాల లోపే జరుగుతున్నాయని తేల్చింది. చిన్న తూటాకు దారి వేసింది ఆ ఆలోచనే. తూటా తేలికైతే జవాను ఎక్కువ మోయగలడు, రీకాయిల్ (కాల్చినప్పుడు వెనక్కి తన్నడం) తగ్గితే రెండో రౌండ్ కూడా గురి తప్పదు. 5.56 రౌండ్ 12 గ్రాములు, 7.62×51 రౌండ్ 24. వంద రౌండ్లకు 1.2 కిలోల తేడా, మ్యాగజైన్ల బరువు కాకుండానే.

ఏకే 47 పుట్టిన దేశమే 1974లో చిన్న తూటాకు, 5.45×39కి మారింది. చైనా 5.8 తెచ్చుకుంది. కార్గిల్ చలికి ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని అప్పట్లో వార్తలొచ్చాయి. అది రైఫిల్ లోపం, తూటా ఏం చేసింది?

మాధవరం_ఎక్స్‌సర్వీస్:
మాస్టారూ, మీ 300 గజాల లెక్క అడవికీ ఊరికీ సరిపోతుంది, లద్దాఖ్‌కు సరిపోదు. అక్కడ ఈ కొండ మీద మనం, ఆ కొండ మీద వాడు, మధ్యలో లోయ. 500 మీటర్లు మామూలు దూరం. వాడు రాళ్లు పేర్చిన సంగర్ వెనక ఉంటాడు. నాలుగు గ్రాముల బుల్లెట్ ఆ దూరం చేరేసరికి వేగం పోగొట్టుకుని ఉంటుంది. 5.56 ఒంట్లో తిరగబడి ముక్కలైతేనే పెద్ద గాయం చేస్తుంది, దానికి వేగం ఉండాలి. ఎస్‌ఎల్‌ఆర్ (ఇన్సాస్‌కు ముందున్న 7.62×51 రైఫిల్) మోసినవాడిని, బరువు నాకూ తెలుసు. అయినా ఎదురుకొండ మీద రాయి పగలాలంటే నేను 7.62×51నే అడుగుతాను.

ఎత్తులో ఇంకో సంగతి ఉంది. 4,500 మీటర్ల మీద గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులకన్నా తక్కువ. గాలి అడ్డు తగ్గి బుల్లెట్ కిందికి జారడం తగ్గుతుంది. మరోవైపు చలికి తూటాలోని మందు నెమ్మదిగా మండి వేగం పడిపోతుంది. కింద జీరో చేసిన (గురి సరిచూసి అమర్చిన) రైఫిల్‌ను పైన మళ్లీ జీరో చేయకపోతే ఏ క్యాలిబర్ అయినా గురి తప్పుతుంది.

కంచన్‌బాగ్_వాసి:
క్యాలిబర్ గురించే మాట్లాడుతున్నారు, బుల్లెట్ లోపల ఏముందో ఎవరూ అడగడం లేదు. నాకు అదే అసలు ప్రశ్న. మామూలు బాల్ రౌండ్ అంటే రాగి తొడుగులో సీసం. ఎస్‌ఎస్109 అనే రకం 5.56లో సీసం ముందు చిన్న ఉక్కు మొన ఉంటుంది. ఏకే రౌండ్లలో మెత్తటి ఉక్కు కోర్ (లోపలి గుజ్జు భాగం) ఎక్కువ. అదే గట్టి ఉక్కు కోర్ అయితే కథ మారిపోతుంది. 2017 చివరి రోజున పుల్వామా జిల్లా లెత్‌పొరాలో సీఆర్‌పీఎఫ్ శిబిరం మీద దాడి చేసినవాళ్లు అలాంటివే వాడారని, బుల్లెట్ ప్రూఫ్ షీల్డును కూడా అవి దాటాయని వార్తలొచ్చాయి. ఏకే అదే, క్యాలిబర్ అదే, కోర్ ఒక్కటే మారింది.

హైదరాబాద్‌లో ప్రభుత్వ లోహాల సంస్థ మిధాని తయారుచేసే భాభా కవచ్ జాకెట్ ఈ గట్టి ఉక్కు కోర్‌ను ఆపడానికే వచ్చింది. సాంకేతికత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)ది, లోపలి పలకల్లో బోరాన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం వాడతారు. రేపు ఎదుటివాడూ ఇలాంటి పలకలే వేసుకొస్తాడు. అప్పుడు టంగ్‌స్టన్ కార్బైడ్ కోర్ ఉన్న 5.56 చేసే పని, సీసం నింపిన 7.62 చేయలేదు. అమెరికా 2022లో 6.8×51కి వెళ్లడానికి పెద్ద కారణం ఈ జాకెట్లే. ఆ రౌండ్ ఛాంబర్ ఒత్తిడి 80,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అందుకే ఖోకా అడుగున ఇత్తడి బదులు ఉక్కు పెట్టారు.

ఎన్‌సీసీ_కడప:
అన్నా, శరీరంలో విచ్చుకునే తూటాలు ఇస్తే ఈ గొడవే ఉండదు కదా? పోలీసులు వాడతారంటారు.

కంచన్‌బాగ్_వాసి:
సైన్యాలు యుద్ధంలో మామూలుగా వాడవు తమ్ముడూ. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. ఆ రకం బ్రిటిష్ వాళ్లు తయారుచేసింది మన కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలోనే, వాడింది వాయవ్య సరిహద్దు తెగల మీద. పైగా విచ్చుకునే మొన జాకెట్ ముందు ఇంకా బలహీనం.

లెక్కల_మాస్టారు:
మాధవరం గారు చెప్పిన కొండ లెక్క ఒప్పుకుంటాను, సిగ్ అక్కడికి సరే. కానీ ఆర్డర్లు చూడండి. ఎక్కువ సంఖ్యలో వస్తున్నవి ఏకే 203లు, ఎదురుకొండ మీదికి అవి పనికిరావు. కొత్త కార్బైన్లకు (పొట్టి రైఫిళ్లకు) మళ్లీ 5.56నే ఎంచుకున్నారు. నెగెవ్ ఎల్‌ఎంజీ (తేలికపాటి మెషిన్ గన్) 7.62×51. డ్రాగునోవ్ ఉండనే ఉంది. నాలుగు రకాల రౌండ్లు ఒకే కంచరగాడిదల దారిలో పైకి చేరాలి. ఎల్‌ఎంజీ బెల్ట్ అయిపోతే పక్క జవాను ఏకే మ్యాగజైన్‌లోంచి ఒక్క రౌండ్ తీసి ఇవ్వలేడు. ఇన్సాస్ రైఫిల్‌కీ ఇన్సాస్ ఎల్‌ఎంజీకీ తూటా ఒకటే ఉండేది, ఆ సౌకర్యం పోగొట్టుకున్నాం.

మాధవరం_ఎక్స్‌సర్వీస్:
అక్కడ మీతోనే ఉన్నాను మాస్టారూ. కాకపోతే దానికి పరిష్కారం మళ్లీ 5.56 కాదు. ఎత్తైన సరిహద్దులో సెక్షన్ (జవాన్ల చిన్న దళం) మొత్తానికీ 7.62×51 ఇవ్వండి, రైఫిల్‌కీ ఎల్‌ఎంజీకీ కలిపి. లోపలి ఆపరేషన్లకు ఏకే ఉంచండి. నాకు ఇంకా తేలనిది ఒక్కటే: సిగ్ మ్యాగజైన్‌లో పట్టేది 20 రౌండ్లు. 15 వేల అడుగుల మీద జవాను వీపు మీద అలాంటివి ఎన్ని పెట్టాలి? ఈ మధ్య అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.