చెత్త సంచి మళ్ళీ నా గుమ్మం ముందుకే వచ్చింది, జపాన్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి

కొత్తగా_వచ్చా:
నాలుగు గంటలుగా ఒక్క చీటీ పట్టుకుని కూర్చున్నా. రేపు కతకానా (జపనీస్ లిపుల్లో ఒకటి) పరీక్ష, ఒక్క ముక్క చదవలేదు. జపనీస్ నేర్చుకోవడానికి వచ్చి మూడు వారాలైంది. పొద్దున ఏడున్నరకి చెత్త పెట్టి క్లాసుకి వెళ్ళా. ఒంటిగంటకి వచ్చేసరికి అదే సంచి నా గుమ్మం ముందుంది, మీద చేత్తో రాసిన చీటీ. ఇలా జరగడం రెండోసారి. పోయినసారి పక్కింటావిడ ఎదురుపడితే మర్యాదగానే అడిగాను. ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. చీటీ ఫొటో తీసి ఫోన్‌లో అనువాదం చేస్తే 'చెత్త ఆధారపడి బయట పెట్టండి' అని వస్తోంది. దేని మీద ఆధారపడి? సంచి కూడా సిటీవాళ్ళదే, డబ్బులు పెట్టి కొన్నదే. అమ్మకి చెబితే బెంగపడుతుందని చెప్పలేదు. ఎవరైనా సాయం చెయ్యండి.

టోక్యో_ఎనిమిదేళ్ళు:
తమ్ముడూ, సంచిలో ఏం వేశావో చెప్పలేదు. మనవాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది ప్లాస్టిక్ సీసాల దగ్గర. మూత తీయాలి, లేబుల్ ఒలిచేయాలి, లోపల కడిగి నలిపి వేరేగా పెట్టాలి. మూత, లేబుల్ సీసాతో కలపకూడదు. ఇంకోటి, పూరీలు వేయించిన నూనె సింకులో పొయ్యొద్దు. పాత కాగితాలకి పీల్పించి మండే చెత్తలో వెయ్యాలి. మా భవనంలో ఒకాయన పోస్తే కింద గొట్టమంతా గడ్డకట్టింది. చెత్త ఎలాగూ ఎనిమిదిలోపే పెట్టావు కాబట్టి టైము తప్పు లేదు. తేడా సంచి లోపలే ఉంది, విప్పి చూడు.

ఒక్కమాట:
స్కూల్ ఆఫీసులో చూపించు.

కొత్తగా_వచ్చా:
ఆఫీసు మూసేశారు. సంచిలో కూరగాయల తొక్కలు, టీపొడి, అంతే. సీసా ఒక్కటీ లేదు. పూరీలు చేసుకునే ఓపిక నాకెక్కడిదన్నా.

గోదావరి_అక్క:
ఆవిడని ఏమని పిలిచావు? ముందు అది చెప్పు.

కొత్తగా_వచ్చా:
'ఒబాసాన్' అన్నాను, పిన్నిగారూ అన్నట్టు. తర్వాత 'అనతా' అని మొదలుపెట్టి, మీరే ఇక్కడ పెట్టారా అని అడిగాను. పుస్తకంలో అనతా అంటే మీరు అనే ఉందక్కా.

గోదావరి_అక్క:
అయ్యో నాన్నా. ఒబసాన్ అంటే పిన్ని, అత్త వరస. 'బా' అని దీర్ఘం తీస్తే అమ్మమ్మ! దీర్ఘం విలువ తెలుగువాళ్ళకి ఒకరు చెప్పాలా? అసలు దీర్ఘం లేకపోయినా ముక్కూమొహం తెలియని ఆవిడని అలా పిలవకూడదు. మన దగ్గర వరస కలిపితే దగ్గరితనం. అక్కడ అది 'మీకు వయసైపోయింది' అన్నట్టు వినిపిస్తుంది. తలుపు దగ్గర ఇంటిపేరు రాసి ఉంటే దానికి 'సాన్' చేర్చి పిలువు. పేరు తెలియకపోతే 'సుమిమాసెన్', అంటే 'క్షమించండి' అంటే చాలు. 'అనతా' అయితే పెద్దవాళ్ళ దగ్గర నోట్లోంచే రానివ్వకు, అది మన 'నువ్వు' లాంటిది.

అచ్చు_హల్లు:
అక్కా, అనతా 'నువ్వు' కాదండీ. ప్రకటనల్లో, దరఖాస్తు ఫారాల్లో ఎవరో తెలియని చదువరిని ఉద్దేశించి అదే రాస్తారు. భార్య భర్తని పిలిచేటప్పుడు మన 'ఏవండీ' లాగానూ వాడుతుంది. మీరు, నువ్వు అనే మన రెండు గదుల్లో దేంట్లోనూ అది పట్టదు.

గోదావరి_అక్క:
పట్టకపోతే పోనీండి. పక్కింటావిడకి కోపమొచ్చిందా లేదా?

అచ్చు_హల్లు:
వచ్చే ఉంటుంది. కానీ పిల్లవాడు 'నువ్వు' అని రాసుకుంటే రేపు స్నేహితులందరినీ అనతా అంటాడు, వాళ్ళకీ ఎడంగానే వినిపిస్తుంది. 'తిన్నారా?' అంటే చాలు, 'మీరు' అక్కర్లేదు కదా మనకి. వాళ్ళకీ అంతే, ఆ మాట వదిలేసి క్రియతో నడిపిస్తారు. తెలుగువాడికి ఇది సులువుగా రావాల్సిన విషయం, ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే కష్టమవుతుంది. అలాగే 'సాన్' కూడా 'గారు' లాంటిదే, మన పేరుకి మనం తగిలించుకోకూడదు.

టోక్యో_ఎనిమిదేళ్ళు:
చెత్త గురించి అడిగాడండీ అతను.

ఒక్కమాట:
చీటీలో ఏముందో ఉన్నదున్నట్టు రాయి.

కొత్తగా_వచ్చా:
'గోమి వా యోరు దషితే కుదసాయి.' గోమి చెత్త, కుదసాయి దయచేసి. ఆ 'యోరు' దగ్గరే ఫోన్ 'ఆధారపడి' అంటోంది.

ఒక్కమాట:
యోరు అంటే రాత్రి. ఏ ఊరు?

కొత్తగా_వచ్చా:
ఫుకువోకా. చెప్పలేదా నేను?

ఒక్కమాట:
లేదు. అక్కడ చెత్త బండి రాత్రే వస్తుంది. పొద్దు గుంకాక, అర్ధరాత్రిలోపు పెట్టు.

టోక్యో_ఎనిమిదేళ్ళు:
రాత్రా! ఇన్నేళ్ళలో నేను పొద్దున తప్ప చూడలేదు. ఊరు ముందే చెప్పాల్సింది తమ్ముడూ, ఇక్కడ ఊరూరికీ చెత్త పద్ధతి మారిపోతుంది.

అచ్చు_హల్లు:
ఫోన్ ఎందుకు పొరబడిందంటే, 'బట్టి', 'ఆధారపడి' అనే అర్థమున్న ఇంకో 'యోరు' కూడా ఉంది. కంజిలో, అంటే మాటకో బొమ్మలాంటి గుర్తుండే లిపిలో రాస్తే రాత్రి అని ఇట్టే తెలిసేది. పలికినట్టే రాసే హిరగానా లిపిలో రెండూ ఒకేలా ఉంటాయి.

గోదావరి_అక్క:
అంటే ఆవిడ నీకు కంజి రాదని తెలిసి, నువ్వు చదువుకోగలిగేలా రాసిందన్నమాట. కోపమున్న మనిషి అంత ఓపికగా రాస్తుందా? వెళ్ళి 'సుమిమాసెన్ దెషిత' అని తల వంచి చెప్పు. ఇంట్లో దిగినప్పుడు పక్కవాళ్ళకి చిన్న టవలో, సబ్బుపొడి డబ్బానో ఇచ్చి పరిచయం చేసుకోవడం అక్కడి అలవాటు. నువ్వు ఇచ్చి ఉండవు. ఇప్పుడైనా ఇవ్వు.

కొత్తగా_వచ్చా:
అమ్మ పంపిన సున్నుండలు ఇవ్వొచ్చా?

టోక్యో_ఎనిమిదేళ్ళు:
చేత్తో చేసినవి మొదటిసారే వద్దు. నెయ్యి వాసన అందరికీ పడదు.

గోదావరి_అక్క:
పడకేం? మా పక్కావిడ అడిగి మరీ తీసుకునేది. తర్వాత ఇవ్వు నాన్నా, ముందు టవల్ ఇవ్వు.

కొత్తగా_వచ్చా:
నిన్న రాత్రి తొమ్మిదింటికి పెట్టా, పొద్దున చూస్తే సంచి లేదు. టవల్ కొనాలి. అందరికీ థాంక్స్, క్లాసుకి లేటవుతోంది.

మినప_రొట్టె:
నాదీ ఫుకువోకాయే. పాత రైస్ కుక్కర్ పాడైంది, అది ఏ సంచిలో వెయ్యాలండీ?