ఎస్జీటీలకు మళ్లీ లెక్కలు చెప్పాలా? – ప్రాథమిక టీచర్లు, సంఖ్యల గణితం

శేషం_సున్నా:
స్కూల్ కాంప్లెక్స్ మీటింగులైనా, చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం పెట్టిన నిపుణ్ భారత్ కోర్సులైనా మనకు చెప్పేది ఎక్కువగా "ఎలా బోధించాలి" అన్నదే. పుల్లల కట్టలు, పూసల చట్రం, ఆటలు, వర్క్‌బుక్కులు. లెక్క అలా ఎందుకు వస్తుందో టీచరుకు ముందే తెలుసన్న ధీమాతో మొదలుపెడతారు. ఆ ధీమాకు ఆధారం లేదని నా వాదన.

503లోంచి 278 తీయాలి. "మూడులోంచి ఎనిమిది పోదు, పక్కన అప్పు తెచ్చుకో. పక్కన సున్నా ఉంది, దాని పక్కకు వెళ్లు. ఐదు నాలుగైంది, సున్నా తొమ్మిదైంది, మూడు పదమూడైంది." అందరం ఇలాగే చెప్తాం, 225 వస్తుంది. సున్నా తొమ్మిది ఎలా అయిందని ఒక పిల్ల అడిగితే? ఐదు వందల్లో ఒక వందను విప్పితే పది పదులు. అందులో ఒక పదిని విప్పితే పది ఒకట్లు, మిగిలినవి తొమ్మిది పదులు. అంటే 503ను 4 వందలు, 9 పదులు, 13 ఒకట్లుగా మళ్లీ పేర్చాం, సంఖ్య మాత్రం మారలేదు. ఈ మాట ఏ ట్రైనింగులోనూ నా చెవిన పడలేదు.

పిల్లల చదువుపై జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో తీసివేత చేయగలిగిన మూడో తరగతి పిల్లలు మూడో వంతే. శిక్షణలో సగం సమయం టీఎల్‌ఎం (పుల్లలు, పూసల్లాంటి బోధన సామగ్రి) పక్కనపెట్టి స్థానవిలువ, గుణకారంలో విభాగ న్యాయం (సంఖ్యను ముక్కలు చేసి విడివిడిగా గుణించి కలపడం), భాగహారం, భిన్నాలు, ఈ నాలుగింటి మీదే కూర్చోబెట్టాలంటాను. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

పాలమూరు_టీచర్:
సార్, మీరు చెప్పేది వినసొంపుగ ఉంది గానీ, ఐదో తరగతి లెక్క రాని ఎస్జీటీ ఎక్కడున్నడు? డీఎస్సీ రాసి వచ్చినోళ్లం. 2025 సెప్టెంబరు 1 నాడు సుప్రీంకోర్టు తీర్పొచ్చింది, ఐదేండ్ల కంటే ఎక్కువ సర్వీసు మిగిలిన పాత టీచర్లు గూడ రెండేండ్లల్ల టెట్ అర్హత పరీక్ష పాస్ గావాలంట. ఆ టెన్షన్ల ఉన్నోళ్లకు "మీకు తీసివేత అర్థం కాలే" అంటే ఎట్లుంటది? పిల్లలకు లెక్కలు రాకపోనీకి మా తెలివితక్కువ కారణం కాదు. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు. ఒక క్లాసుకు లెక్కలు చెప్తుంటే ఇంకో క్లాసు గోల. తొలిమెట్టు అనే సర్కారు కార్యక్రమం రికార్డులు వేరే. ముందు క్లాసుకో టీచర్ను ఇయ్యమనున్రి, తర్వాత విభాగ న్యాయం సంగతి సూద్దాం.

డైట్_గది:
డైట్ కాలేజీలో డీఎల్‌ఈడీ (ప్రాథమిక టీచర్ల శిక్షణ కోర్సు) విద్యార్థులకు గణితం చెప్తాను కాబట్టి ఇద్దరికీ జవాబివ్వాలి.

టెట్ పేపర్-1లో 150 మార్కుల్లో గణితానికి 30. అన్నీ బిట్లే. క.సా.గు. కనుక్కోవడం వచ్చా అని అది చూస్తుంది, ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో చూడదు. కాబట్టి టెట్, డీఎస్సీ ర్యాంకులు ఈ చర్చలో సాక్ష్యం కావు. మా దగ్గర చేరేవాళ్లలో ఇంటర్ బైపీసీ, సీఈసీ చేసినవాళ్లు చాలామంది. పదో తరగతితోనే గణితానికి దండం పెట్టి వచ్చారు. తెలివికేం లోటు లేదు, "ఎందుకు" అని వాళ్లనెవరూ అడగలేదంతే.

738 తొమ్మిదితో భాగించబడుతుందా అంటే అందరూ అంకెలు కూడి 18 అని ఠక్కున చెప్తారు. ఎందుకంటే నిశ్శబ్దం. ప్రతి వందనూ తొమ్మిదేసి చొప్పున పంచితే 99 పోయి ఒకటి మిగులుతుంది, ఏడు వందలకు ఏడు మిగులుతాయి. ప్రతి పదికీ ఒకటి, మూడు పదులకు మూడు. ఎనిమిది ఒకట్లు అలాగే ఉన్నాయి. మిగిలినవన్నీ కలిపితే 7+3+8. ఇందులో బీజగణితం లేదు, స్థానవిలువ తప్ప ఏమీ లేదు. ఇది చెప్పిన రోజు వెనక బెంచీవాళ్లే ముందు "మరి మూడుకూ ఇదే కదండీ" అంటారు.

ఇక లోతు సంగతి. లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రాథమిక టీచర్లను 1¾ ÷ ½ చేసి, దానికి ఒక కథ లెక్క కట్టమన్నారు. 1999లో ఆ అధ్యయనం అచ్చయింది. చైనా టీచర్లందరూ లెక్క సరిగ్గా చేశారు, పదిమందిలో తొమ్మిదిమంది సరైన కథా చెప్పారు. అమెరికా వైపు సగం మంది కూడా లెక్క పూర్తి చేయలేదు, ఒక్కరి కథే లెక్కకు సరిపోయింది. మిగతావాళ్లలో చాలామంది అరతో భాగించడాన్ని సగం చేయడమనుకున్నారు. మన భాషలో అయితే కిలో ముప్పావు పప్పును అరకిలో పొట్లాలు కడితే ఎన్ని అని అడగాలి. మూడున్నర పొట్లాలు. చమత్కారమేమిటంటే ఆ చైనా టీచర్లకు డిగ్రీలు లేవు, తొమ్మిదో తరగతి తర్వాత రెండుమూడేళ్ల శిక్షణే.

పాలమూరు_టీచర్:
సార్, ఆ చైనా లెక్క సగమే చెప్పిన్రు. అక్కడ లెక్కల టీచర్ లెక్కలే చెప్తడు. కలిసి కూసొని పాఠ్యపుస్తకం చదువుకునేటందుకు వాళ్లకు టైమిస్తరు. మాకు తెలుగు, ఇంగ్లిష్, ఈవీఎస్, లెక్కలు, మధ్యాహ్న భోజనం లెక్కలు గూడ మావే. వాళ్ల లెక్కల లోతు మాకు గావాలె, వాళ్ల టైం మాత్రం ఇయ్యరు.

గోదావరి_అమ్మ:
నేను టీచర్ని కాదండి, తల్లిని. మా మూడో తరగతి బాబు 82 – 37కి ముందు 40 తీసేసి 42 అన్నాడు, మూడు ఎక్కువ తీశాను కాబట్టి కలపాలి, 45 అన్నాడు. నోట్‌బుక్కులో కొట్టేసి "పద్ధతి తప్పు" అని రాశారు. జవాబు సరే కదండీ అంటే, అలా చేస్తే పెద్ద సంఖ్యలకు రాదన్నారు. నిజంగా రాదా? ఆ స్కూలును తప్పుపట్టడానికి అడగట్లేదు, తెలుసుకోవాలని.

శేషం_సున్నా:
వస్తుందండి, ఎంత పెద్ద సంఖ్యకైనా. మీవాడు చేసింది 37ను 40 – 3గా చూడటం. ఇంకో పిల్ల ఎడమవైపు నుంచి మొదలుపెట్టి 80లో 30 పోతే 50, 2లో 7 పోతే 5 తక్కువ, 45 అనవచ్చు. అదీ సరైనదే. పుస్తకంలో లేని పద్ధతి కనబడితే అది ఎప్పుడూ పనిచేస్తుందా, ఈ లెక్కకే కలిసొచ్చిందా అని టీచరు అక్కడికక్కడ తేల్చుకోవాలి. దానికి టీఎల్‌ఎం ఏ మాత్రం సాయపడదు. పాలమూరు సార్, టైం లేకపోవడం నిజమే. కానీ ఈ ఇంటూ గుర్తు వేయడానికి పట్టినంతే పట్టేది కదా టిక్కు పెట్టడానికీ.

రిటైర్డ్_హెచ్ఎం:
బాబూ, ఉత్సాహం బాగుంది. అమెరికాలో 1960లలో "కొత్త గణితం" అని సమితులు, రకరకాల ఆధారాల సంఖ్యలు (పదులకు బదులు ఐదులు, రెండుల కట్టలుగా లెక్కించేవి) చిన్న తరగతుల దాకా దించారు. టీచర్లకు ఎక్కలేదు, తల్లిదండ్రులకు అంతకంటే ఎక్కలేదు, డెబ్బైల్లో వదిలేశారు. ఇప్పుడు మీరు యూనివర్సిటీ ప్రొఫెసర్‌ను పిలిపించి ఎస్జీటీలకు సంఖ్యా సిద్ధాంతం చెప్పిస్తే భోజనం తర్వాత సగం గది కునుకు తీస్తుంది. ఎక్కాలు నోటికి రాని పిల్లలకు "ఎందుకు" ఏం ఎక్కుతుంది? ముందు ఎక్కాలు.

డైట్_గది:
అయ్యా, పిల్లలకు దించడం వేరు, టీచర్లకు చెప్పడం వేరు. వేరే ఆధారం ఒకటో తరగతి పిల్లలకు దండగే, టీచర్లకు మాత్రం నేను తప్పక పెడతాను. ఐదు పుల్లలకో కట్ట, ఐదు కట్టలకో మోపు. ఆ లోకంలో 34కు 23 కలపమంటే బీఈడీ చేసినవాళ్లూ వేళ్లు లెక్కపెట్టుకుంటారు. నాలుగూ మూడూ ఏడు, అంటే ఒక కట్ట, రెండు పుల్లలు. మూడూ రెండూ ఒకటీ ఆరు కట్టలు, అంటే ఒక మోపు, ఒక కట్ట. జవాబు 112. ఒకటో తరగతి పిల్లకు 19+13 ఎంత బరువో ఆ పావుగంటలో తెలిసొస్తుంది. ఎక్కాలు వద్దని ఎవరూ అనలేదు. ఏడు ఎనిమిదులు మరచిన పిల్లకు ఐదు ఎనిమిదులు, రెండు ఎనిమిదులు కలుపుకోవచ్చని తెలిస్తే ఎక్కం మళ్లీ దొరుకుతుంది.

డీఎస్సీ_ఆశ:
సార్ ఇవన్నీ టెట్‌లో వస్తాయా?

రిటైర్డ్_హెచ్ఎం:
రావమ్మా. అందుకే ఎవరూ చదవరు.

పాలమూరు_టీచర్:
లెక్చర్లకు నేను ఇంకా ఒప్పుకోను. మీటింగుకు పిల్లల నోట్‌బుక్కులు తెచ్చుకొని కూసుందామంటే వస్త. ఇగో, మా నాలుగో తరగతి పాప: 306 × 4 = 1204. మూడు సార్లు దిద్దిన, మళ్ల గదే. పుల్లలు ఇచ్చినా గదే. చెప్పున్రి ఇప్పుడు.

శేషం_సున్నా:
నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, 4 వేసి 2 పైన రాసుకుంది. తర్వాత సున్నాను దేంతో గుణించినా సున్నాయే అన్న సూత్రం గుర్తొచ్చి, 0 వేసి ఆ రెండును వదిలేసింది. నాలుగు మూళ్లు పన్నెండు. ఆమె సూత్రం తప్పు కాదు, పైన రాసిన 2 ఏమిటో ఆమెకు తెలియదు. 300ను నాలుగుతో, 6ను నాలుగుతో విడిగా చేయించి చూడండి.

పాలమూరు_టీచర్:
జేయించిన. 1200, 24, కలిపితే 1224 అని నోటితో కరెక్టే చెప్తది. నిలువుగ రాస్తే మాత్రం 1204.

డైట్_గది:
అయితే రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి, ఏది నిజమో ఆమెనే తేల్చమనండి. తర్వాత నిలువు లెక్కలో పైన ఉన్న 2 మీద వేలు పెట్టి, ఇది రెండు పుల్లలా, రెండు కట్టలా అని అడగండి. కట్టలు అంటే, 306లో ఉన్న సున్నా కట్టలను నాలుగుసార్లు వేశాక ఈ రెండు కట్టలు ఎక్కడికి పోయాయో ఆమే వెతుక్కుంటుంది. పుల్లలు అంటే గుణకారం ఆపి, రెండో తరగతి కూడికకు వెళ్లాలి. ఏమందో ఇక్కడ రాయండి సార్.