రైజ్, రేజ్: "ధరలు పెరిగాయి" అనడానికి ఏది వాడాలి?

ప్రశ్న:
"ప్రైసెస్ హావ్ రేజ్డ్" అనొచ్చా, "ప్రైసెస్ హావ్ రిజన్" అనే అనాలా? ఆర్-ఐ-ఎస్-ఇ, ఆర్-ఏ-ఐ-ఎస్-ఇ రెండూ డిక్షనరీలో క్రియగానూ ఉన్నాయి, నామవాచకంగానూ ఉన్నాయి. తేడా ఎలా పట్టుకోవాలి?

జవాబు 1:
"హావ్ రిజన్" అనాలండీ. రైజ్ అకర్మక క్రియ, రేజ్ సకర్మక క్రియ. తెలుగు వచ్చినవాళ్లకు ఇది తేలికే, మన పెరుగు–పెంచు, లేచు–లేపు జంటల్లాంటివే ఇవి. ధరలు పెరిగాయి: ప్రైసెస్ రోజ్. కంపెనీ ధరలు పెంచింది: ద కంపెనీ రేజ్డ్ ప్రైసెస్. క్రియ దగ్గర ఆగి "దేన్ని?" అని అడగండి. జవాబు దొరికితే రేజ్, దొరక్కపోతే రైజ్.

తికమక ఎక్కువగా "ప్రైసెస్ హావ్ బీన్ రేజ్డ్" దగ్గర వస్తుంది. ఇది కర్మణి ప్రయోగం, తప్పేం లేదు. కాకపోతే ఎవరో పెంచారనే అర్థం వస్తుంది. అందులోంచి "బీన్" జారిపోతే ధరలే ఇంకదేన్నో పెంచినట్టవుతుంది, ఆ ఇంకేదో వాక్యంలో ఉండదు. రైజ్‌కి అసలు కర్మణి రూపమే లేదు.

జవాబు 2:
రూపాలు కూడా చూసుకోండి. రైజ్, రోజ్, రిజన్. మూడోదాంట్లో "రి" హ్రస్వం, "రైజన్" అని పలకకూడదు. "రైజ్డ్" అనే మాటే లేదు. రేజ్ మాత్రం మామూలుగా రేజ్డ్, రేజ్డ్.

నామవాచకమైతే "ఎ రైజ్ ఇన్ ప్రైసెస్". ఎంత పెరిగిందో చెప్పాలంటే "ఎ రైజ్ ఆఫ్ 10 పర్సెంట్". జీతం పెంపు బ్రిటన్‌లో "పే రైజ్", అమెరికాలో "రేజ్". అమెరికా మేనేజర్‌కి మెయిల్ రాస్తుంటే రెండోదే రాయండి. మన ఆఫీసుల్లో "హైక్" అంటారు, అది వేరే మాట.

ప్రశ్న అడిగినవారు:
బాగా అర్థమైంది, థాంక్సండీ. మరి "సమస్య వచ్చింది" అనాలంటే?

జవాబు 1:
దానికి అరైజ్ ఉంది: అరైజ్, అరోజ్, అరిజన్. సమస్య తలెత్తింది అంటే "ఎ ప్రాబ్లమ్ అరోజ్". మీటింగ్‌లో ఆవిడ ఆ సంగతి లేవనెత్తింది అంటే "షీ రేజ్డ్ ది ఇష్యూ".

జవాబు 2:
ఇంకొకటి, "గివ్ రైజ్ టు" అంటే దారితీయడం. దాని తర్వాత కర్మలాంటిది కనిపిస్తుంది కదా అని "గివ్ రేజ్ టు" రాసేస్తుంటారు. అక్కడ క్రియ గివ్, రైజ్ నామవాచకం. "దేన్ని?" పరీక్ష అక్కడ పనిచేయదు.