ఉలూరు కథను మన పిల్లలకు మనం చెప్పవచ్చునా?

ప్రశ్న (సిడ్నీ నుండి):
నేను చిన్నతనంలో అమ్మానాన్నలతో ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారిలో ఉన్న ఉలూరు అనే ఎర్రరాతి కొండను చూడడానికి వెళ్లినప్పుడు, దాని పాదం వద్దనున్న ముతిజులు నీటిమడుగు దగ్గర, ఆ నేలకు చెందిన అనంగు అనే ఆదిమజాతి పెద్దావిడ ఒకరు ఎర్రమట్టిలో వేళ్లతో గీతలు గీస్తూ, కునియ అనే కొండచిలువ స్త్రీ తన మేనల్లుణ్ణి చంపిన లీరు అనే విషసర్ప యోధుడిపై పగ తీర్చుకున్న కథ చెప్పారు. ఆదిమవాసుల చరిత్ర చదవాలన్న కోరిక నాలో అప్పుడే పుట్టింది. ఆ కథను మా వారాంతపు తెలుగు బడిలో చెబుదామంటే, అది వారి పవిత్ర సంపద, మనం ముట్టుకోరాదని తోటి ఉపాధ్యాయురాలు అభ్యంతరపెట్టారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

మెల్‌బోర్న్ నుండి:
ఆ ఉపాధ్యాయురాలితో నేను ఏకీభవిస్తున్నాను. ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాలపాటు ఆదిమవాసుల పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి, సొంత భాష మాట్లాడనివ్వకుండా పెంచారు. ప్రభుత్వం తరఫున పార్లమెంటులో క్షమాపణ వచ్చింది 2008లో. భూమి, బిడ్డలు, భాష పోగొట్టుకున్నవారి దగ్గర మిగిలిన కథలను కూడా మనం తెచ్చుకుని వాడుకోవడం నాకు న్యాయంగా తోచదు. అరకులో పర్యాటకుల కోసం థింసా ఆడించడం చూసిన మనకు ఈ బాధ అర్థం కావాలి.

మధ్య ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో కొంతకాలం పనిచేసిన సభ్యుడు:
మీ ఆవేదన సరైనదే గాని, ముగింపు సరికాదని నా నమ్మకం. అనంగుల జ్ఞానమంతా ఒక్క మెట్టు మీద ఉండదు. పురుషులకు మాత్రమే, స్త్రీలకు మాత్రమే చెందిన స్థలాలూ కథలూ ఉన్నాయి. అటువంటి చోట్ల ఫొటోలు తీయవద్దని కొండ చుట్టూ బోర్డులు కనిపిస్తాయి. సందర్శకులకు చెప్పేది తమ పసిపిల్లలకు మొదట చెప్పే భాగమే. కునియ కథ అటువంటిది, అనంగులే అధిక సంఖ్యలో ఉన్న పాలకమండలి నడిపే ఉలూరు జాతీయ ఉద్యానవనం దానిని అందరూ చదివేలా రాసి పెట్టింది. వారు ఇష్టపడి ఇచ్చినదాన్ని మనం దాచిపెడితే అది గౌరవం అనిపించుకోదు.

అయితే దాన్ని ఊరూ పేరూ లేని జానపద కథగా మార్చకూడదు. నీటిమడుగు పక్కన రాతి గోడ మీద కనిపించే చీలికలు కునియ కర్రదెబ్బలని వారు చూపిస్తారు. ఆ గోడను విడిచి కథ లేదు. ఆ భూమిపై హక్కును 1985 అక్టోబర్ 26న అనంగులకు తిరిగి ఇచ్చారనీ, వారు దానిని 99 ఏళ్లకు ప్రభుత్వానికే లీజుకు ఇచ్చారనీ, కొండ ఎక్కవద్దని ఏళ్ల తరబడి కోరితే చివరకు 2019లో అదే తేదీన ఎక్కడం ఆగిందనీ పిల్లలకు కథతో పాటే చెప్పండి. మరొక మాట: సిడ్నీ పిల్లలు ఉన్నది ఎడారి నేల మీద కాదు. సిడ్నీ నేలకు చెందిన ధరుగ్ అనే ఆదిమజాతి పెద్దలను పిలిచి, వారి సమయానికి తగిన పారితోషికం ఇచ్చి, ముందు వారి మాట వినిపించండి.

మెల్‌బోర్న్ నుండి:
వారే చెప్పమన్న కథ విషయంలో నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నాను. కథ తర్వాత పిల్లలచేత ఆదిమవాసుల శైలిలో చుక్కల బొమ్మలు వేయించడాన్ని మాత్రం ఒప్పుకోను. 1971లో మధ్య ఆస్ట్రేలియాలోని పాపున్యా అనే ఆదిమవాసుల ఊరిలో మొదలైన ఆ చిత్రకళలో చుక్కలు కొన్నిసార్లు పవిత్ర చిహ్నాలను పరుల కంటపడకుండా కప్పడానికి వేసినవి. వాటిని చేతిపనుల తరగతిగా మార్చే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు.

సిడ్నీ నుండి:
బొమ్మలు వేయించము. ధరుగ్ పెద్దలను ఆహ్వానించడానికి ఆదిమవాసుల స్థానిక భూమి మండలికి ఈ వారమే లేఖ రాస్తాను. వారు వచ్చి వెళ్లాకే ఉలూరు కథ చెబుతాను.