పీఎస్‌టీ ఫైలు నుంచి ఎంచిన ఈమెయిళ్లకు ఏ హాష్ విలువ చూపాలి?

హైదరాబాద్‌లోని ఒక వాణిజ్య దావాలో ప్రతివాది తరఫున, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 ప్రకారం లిఖితపూర్వక జవాబుతో పాటు దాఖలు చేయవలసిన పత్రాలను పరిశీలిస్తున్నాను. రెండు పీఎస్‌టీ ఫైళ్లలోని (అవుట్‌లుక్ మెయిళ్లన్నిటినీ కలిపి దాచే ఫైళ్లు) 11,400 ఈమెయిళ్లలో 212 మాత్రమే దావాకు సంబంధించినవి. మూల ఫైళ్ల ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ విలువలను (ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్‌లను) ముందే నమోదు చేశాను. కానీ నకలును అవుట్‌లుక్‌లో తెరిచి మూయగానే, ఒక్క మెయిల్‌నూ ముట్టకపోయినా, దాని విలువ మారిపోయింది. ఒకే మెయిల్‌ను ఎంఎస్‌జీగా (ఒక్క మెయిల్‌ను విడిగా దాచే అవుట్‌లుక్ ఫైలుగా) రెండుసార్లు భద్రపరిస్తే రెండు వేర్వేరు విలువలు వచ్చాయి. పీడీఎఫ్‌గా మారిస్తే పూర్తి హెడర్ వివరాలు (మెయిల్ ఎప్పుడు, ఏ మార్గంలో వెళ్లిందో చూపేవి) పోతున్నాయి, వివాదమేమో పంపిన సమయం గురించే. లిఖితపూర్వక జవాబుకు ఉన్న 120 రోజుల గరిష్ఠ గడువులో 19 రోజులే మిగిలాయి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డులతో పాటు ఇవ్వవలసిన ధ్రువపత్రంలో మూల పీఎస్‌టీల హాష్ విలువలు చూపితే సరిపోతుందా, లేక 212 మెయిళ్లకూ విడివిడిగా చూపవలసి ఉంటుందా?